పరాభవ నామ సంవత్సరానికి ఒక సీరియల్

(2026 జనవరి మొదటి వారంలో తెనాలిలో జరిగిన పాఠకుల సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు.

అధ్యక్షులవారు నన్ను సీరియల్ రచయిత్రి అని పరిచయం చేయగానే ముందు వరసలో ఉన్న ఒక అమ్మగారు పక్కావిడ చెవిలో ఏదో అడిగారు. నాకు వినపడలేదు గానీ ఏమడిగారో తెలుసు. "ఏ చానల్లో వస్తుందీ, ఎన్నింటికీ?" (నవ్వులు) టీవీది కాదండీ, చదువుకునే సీరియల్. వారపత్రికల్లో మొదలుపెట్టాను. పత్రికలు ఒక్కొక్కటీ సీరియళ్లు తగ్గించుకుంటూ పోయాయి, కొన్ని పత్రికలే ఆగిపోయాయి. ఇప్పుడు ఫోన్‌లో, ఒక యాప్‌లో రాస్తున్నాను. చదివేవాళ్లు అప్పటికన్నా తక్కువేం లేరు. కాకపోతే పక్కింటి వాళ్లు ఏం చదువుతున్నారో మనకి కనపడదు, అంతే.

గడిచిన ఏడాది ఏం ఆలోచించారు, వచ్చే ఏడాది ఏం రాస్తారు, ఈ రెండూ చెప్పమన్నారు నిర్వాహకులు. రెండోదానికే వచ్చాను నేను. దానికి మీ సాయం కూడా కావాలి. కానీ మొదటిది చెప్పకపోతే రెండోది అర్థం కాదు.

ఈ ఊళ్లో నిలబడి సీరియల్ గురించి మాట్లాడాలంటే కాస్త బెరుకుగానే ఉంది. పిల్లల మాసపత్రిక చందమామని నాగిరెడ్డి గారితో కలిసి పెట్టిన చక్రపాణి గారి ఊరు ఇది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1909లో పుట్టింది ఇక్కడే. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామ ఆయన చేతుల మీదుగా నడిచింది. ఆ చందమామలో పిల్లల్ని నెలనెలా ఎదురుచూసేలా చేసిన సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారిదీ గుంటూరు జిల్లాయే. ఆ కథల కింద ఆయన పేరు ఉండేది కాదు. మాంత్రికుల పేర్లు, కోటల పేర్లు అందరికీ నోటికొచ్చు, రాసినాయన పేరు మాత్రం తెలీదు. ఇప్పుడు నా ఫొటో యాప్‌లో కథ పేరుకన్నా పెద్దగా ఉంటుంది. ఎవరిది మెరుగో నన్ను అడక్కండి.

ఆ చందమామ సీరియళ్లలో ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం. ప్రతి నెలా మొదట్లో జరిగిన కథని బ్రాకెట్లలో నాలుగైదు వాక్యాల్లో చెప్పేవారు. పిల్లలుగా మనం అది వదిలేసి కిందికి దూకేవాళ్లం, మనకి అన్నీ గుర్తే కదా. రాసేవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ నాలుగు వాక్యాలు పెద్ద పరీక్ష. ఇంతవరకూ నడిచిన కథలో అసలు ఏది ముఖ్యం? ఏది వదిలేసినా నష్టం లేదు? నాలుగు వాక్యాల్లో జరిగిన కథ చెప్పలేకపోతున్నామంటే రాసినవాళ్లకే దారి తప్పిందన్నమాట. ఈ ఏడాది నేను ప్రతి భాగం రాయడానికి ముందు ఆ బ్రాకెట్ రాసుకుంటాను. అచ్చువేస్తానో లేదో తర్వాతి సంగతి.

సీరియల్ సాహిత్యం అవుతుందా అని ఇప్పటికీ కొన్ని సభల్లో అడుగుతారు. నేను వాదన పెట్టుకోను. తెలుగు నవల పుట్టిందే పత్రికలో ముక్కలు ముక్కలుగా. కందుకూరి వీరేశలింగం గారు 1878లో తన వివేకవర్ధినిలో రాజశేఖర చరిత్రము వేయడం మొదలుపెట్టారు, అది పుస్తకంగా వచ్చింది 1880లో. అంతే చెప్పి కూర్చుంటాను.

అసలు విషయానికి వస్తాను. అరవైల నుంచి ఎనభైల దాకా ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి, తర్వాత ఆంధ్రభూమి, స్వాతి వీక్లీలు ఇళ్లలో ఎలా చదివారో ఇక్కడ చాలామందికి అనుభవమే. పత్రిక ముందు ఎవరి చేతికి వెళ్లాలన్నది ఇంట్లో ఒక తగువు. కొనలేనివాళ్లకి అద్దె పుస్తకాల కొట్టు ఉండేది, రోజుకింత అని. సీరియల్ అయిపోయాక ఆ పేజీలన్నీ చింపి, వరసగా పెట్టి, దబ్బనంతో కుట్టుకునేవారు. మా అమ్మ కుట్టినవి ఇంకా నా దగ్గరున్నాయి. అసలు కథకన్నా ఆ పేజీల వెనకవైపు నాకు సరదా. సగం వంటకం, వారఫలాలు, టానిక్ ప్రకటన, ఎవరిదో వేరే సీరియల్లో ఒక ఏడుపు సీను. హీరోయిన్ ఇల్లు వదిలి వెళ్లిపోతుంటే పేజీ వెనక గోంగూర పచ్చడి.

అప్పుడు భాగానికీ భాగానికీ మధ్య ఏడు రోజులుండేవి. ఆ ఏడు రోజులూ కథ ఆగేది కాదు, పాఠకుల ఇంట్లో నడిచేది. వాడు తిరిగొస్తాడా రాడా అని కుళాయి దగ్గర మాట్లాడుకునేవారు. అత్తగారు ఒక పక్షం, కోడలు ఒక పక్షం. తమ ఇంటి సంగతి నేరుగా మాట్లాడుకోలేనివాళ్లు సీరియల్లో మనుషుల పేరు పెట్టి మాట్లాడుకునేవారు. ఇది ఊహించి చెప్పడం లేదు, మా ఇంట్లోనే విన్నాను. సీరియల్‌కి అచ్చయిన పేజీ ఎంత ముఖ్యమో, అచ్చుకానిది కూడా అంతే ముఖ్యమని నేను నమ్మేది అందుకే.

నేను రాసే చోట ఇప్పుడు రోజుకో భాగం. వెయ్యి మాటలు, కొంచెం అటూ ఇటూ. రోజూ పెడితే కథని పైన చూపిస్తారు, రెండు రోజులు ఊరుకుంటే కిందికి పోతుంది. తర్వాతి భాగానికి తాళం ఉంటుంది. రేపటిదాకా ఆగితే ఊరికే తెరుచుకుంటుంది, ఆగలేకపోతే నాణేలు కట్టాలి. ఆ నాణేల్లోంచే నాకు కొంత వస్తుంది. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. వారపత్రిక కూడా పాఠకుల ఆత్రం మీదే బతికింది.

తేడా ఎక్కడంటే, ఆగడానికి ఒక్కరోజే ఉన్నప్పుడు పాఠకులకి ఆలోచించే తీరిక ఉండదు, ఆత్రం ఒక్కటే ఉంటుంది. దాంతో రాసేవాళ్లం కూడా ఆత్రానికే రాస్తాం. తలుపు చప్పుడవుతుంది, భాగం అయిపోతుంది. మర్నాడు తలుపు తీస్తే పాలవాడు. (నవ్వులు) రోజువారీ సీరియళ్లలో మనుషులు నిద్రపోరు, గమనించారా? అన్నం తిని ఊరికే కూర్చోరు. ఇక పెళ్లి మొదలైందంటే మన పాతకాలం అయిదు రోజుల పెళ్లి ఏ మూలకీ రాదు.

కామెంట్ల గురించి కూడా చెప్పాలి. నాకు నైట్ డ్యూటీలో చదివే నర్సులున్నారు, డల్లాస్‌లో ఆఫీసుకెళ్తూ వినేవాళ్లున్నారు, పిల్లలు పడుకున్నాక పదకొండింటికి తెరిచేవాళ్లున్నారు. అందరి మాటలూ చదువుతాను. వాళ్లు అడిగినట్టు కథ మారుస్తారా అని అడుగుతారు. మార్చను. వాళ్లు ఏం కోరుకుంటున్నారు అని కాదు నేను చూసేది, తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారు అని. అందరూ ఒకే మాట ఊహించారంటే ఆ భాగం తేలిపోయింది. రెండు పక్షాలుగా విడిపోయి వాళ్లలో వాళ్లే వాదించుకుంటున్నారంటే, ఆ రోజుకి నా పని అయినట్టే. ఇంకో సంగతి, వాళ్ల దగ్గర ఏదీ దాగదు. ఆషాఢంలో పెళ్లి పెట్టి చూడండి, మూఢంలో గృహప్రవేశం పెట్టి చూడండి, పొద్దున లేచేసరికి క్లాసు పీకుతారు.

భాగాన్ని ఎక్కడ ఆపాలన్న దాని మీద చాలా పాఠాలు చెబుతారు. నా లెక్కలో ఆపడం రెండు రకాలు. గొంతు మీద కత్తి పెట్టి 'సశేషం' అనడం ఒకటి. అందులో టెన్షన్ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లేదు. పన్నెండో భాగంలో హీరోయిన్ చనిపోదని చదివేవాళ్లకి తెలుసు, వాళ్లు అమాయకులు కారు. రెండో రకం చూడండి. కూతురి పేరుమీద వచ్చిన ఉత్తరం తల్లి ముందుగా విప్పి చదివేసింది. కూతురు వీధి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. ఉత్తరం మళ్లీ అతికించి ఇస్తుందా, పోపులడబ్బాలో దాస్తుందా? అక్కడ ఆపండి. కత్తీ లేదు, రక్తమూ లేదు. కానీ ఈ వారమంతా చదివినవాళ్లు "నేనైతే" అని మొదలుపెడతారు. మనిషికి ఏం జరుగుతుందో అన్న ప్రశ్న ఒక్కరోజు నిలబడుతుంది, మనిషి ఏం చేస్తుందో అన్న ప్రశ్న వారం నిలబడుతుంది. మొదటి రకం నేనూ రాస్తాను, అవసరమొస్తే ఇకముందూ రాస్తాను. దాని మీదే సంసారం నడపలేం, అంతవరకే.

పోయిన ఏడాది నేను ఎక్కువ కాలం గడిపింది చార్లెస్ డికెన్స్‌తో. ఆయన నవలలు కాదు, నవలలకి ఆయన రాసుకున్న చిత్తు కాగితాలతో. ఇంగ్లండులో నెలకో భాగం, షిల్లింగు ధర, ముప్పై రెండు పేజీలు. 1836లో ఆ పద్ధతిలో రాయడం మొదలుపెట్టినప్పుడు ఆయన వయసు ఇరవై నాలుగు. తర్వాత్తర్వాత ప్రతి నెల భాగానికీ ఒక కాగితం పెట్టుకున్నాడు. కాగితాన్ని నిలువుగా రెండు సగాలు చేసి, కుడివైపు ఆ నెల అధ్యాయాలు, ఎడమవైపు తనకి తానే వేసుకున్న ప్రశ్నలు. ఫలానావాడు ఈ నెల రావాలా? ఫలానా రహస్యం ఇప్పుడే చెప్పాలా? వాటి పక్కన జవాబులు కూడా తనే రాసుకునేవాడు. అవును. వద్దు. ఇప్పుడే కాదు.

ఆ 'ఇప్పుడే కాదు' చూసినప్పుడు నాకు భలే ధైర్యం వచ్చింది. కథ మొత్తం ముందే తెలియక్కర్లేదు, ఈ నెల ఏది చెప్పకూడదో తెలిస్తే చాలు. రోజుకో భాగం రాసేవాళ్లకి ఆ ఎడమవైపు సగం ఉండదు. కూర్చుని ప్రశ్న వేసుకునే టైమే లేదు. నేను కొత్త సీరియల్‌కి అలాంటి కాగితాలే కట్ట కట్టుకున్నాను. లెడ్జరు కాగితం తెచ్చాను, నిలువు గీత ఎలాగూ ఉంటుంది.

ఆయన దగ్గరే ఇంకో సంగతి ఉంది, అది అంత ధైర్యమిచ్చేది కాదు. ఎడ్విన్ డ్రూడ్ అని ఆఖరి నవల, పన్నెండు భాగాలని లెక్క వేసుకున్నాడు. సరిగ్గా ఆరింటికి సరిపడా రాసి 1870 జూన్‌లో పోయాడు. హంతకుడెవరో ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అది మృత్యువు పని, ఎవరూ ఏమీ చేయలేరు. కానీ మన యాప్‌లలో మృత్యువు ప్రమేయం లేకుండానే ఆగిపోయిన సీరియళ్లు చూస్తే బాధేస్తుంది. రెండు వందల భాగాలు నడిచి, చదివేవాళ్లు తగ్గగానే, చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. కింద కామెంట్లు మాత్రం వస్తూనే ఉంటాయి, "మేడమ్, తర్వాతి భాగం ఎప్పుడు?" అని. చదివినవాళ్లకి అది అప్పు. కథ మొదలుపెట్టేటప్పుడే ఎప్పుడు ముగుస్తుందో తేదీతో సహా చెప్పాలన్నది నా ఈ ఏడాది నిర్ణయం. ఇక సీరియల్ సంగతి.

వచ్చే ఉగాది మార్చి 19న. పరాభవ నామ సంవత్సరం. పేరు విని పండగపూట మొహాలు ముడుచుకునేవాళ్లుంటారు. పంచాంగ శ్రవణం చేసే పంతులుగారికి ఈసారి కష్టమే. (నవ్వులు) నాకు మాత్రం ఆ పేరు దగ్గరే కథ దొరికింది. అరవై ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి, ఇంతకుముందు పరాభవ 1966 ఉగాదికి మొదలైంది. ఆ ఏడాది ఏం జరిగిందో చూడండి. జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. అప్పటిదాకా డాలరుకి నాలుగు రూపాయల డెబ్భై ఆరు పైసలు, ఒక్కసారిగా ఏడున్నర. అక్టోబరు, నవంబరుల్లో విశాఖ ఉక్కు ఉద్యమం. నవంబరు 1న విశాఖపట్నంలో కాల్పులు. పరాభవం ఎవరిదన్నది వేరే ప్రశ్న.

కథ ఎక్కడంటే, మీకు కూతవేటు దూరం. దుగ్గిరాల. పసుపు వ్యాపారం చేసే ఇల్లు. 1966లో తాతగారి కమీషన్ కొట్టు, 2026లో మనవరాలి చేతికొచ్చిన అదే కొట్టు. ఒక వారం అప్పటి కథ, ఒక వారం ఇప్పటి కథ. పసుపు ఎందుకంటే, ఆ పంటకి సీరియల్ నడక ఉంది. తొలకరికి దుంప నాటితే ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలోనే. జనవరి నుంచి తవ్వకాలు. తవ్విందాన్ని ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి, కొమ్ము వేరు, కాయ వేరు చెయ్యాలి. ఉగాది నాటికి కొత్త సరుకు యార్డుకి వస్తూ ఉంటుంది. రేటు నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూడటం. ఎదురుచూసే మనుషుల కథ కావాలంటే నేను ఇంతకన్నా ఎక్కడికి వెళ్తాను?

ఒక భాగం మాత్రం మీకు చెప్పేస్తాను. జూన్ 6 పొద్దున. తాతగారి ఇంట్లో రేడియో ఉంది. రూపాయి సంగతి విన్నారు. సరుకు విదేశాలకి పంపే బొంబాయి వ్యాపారికి ఒక్క రాత్రిలో లెక్క మారిపోయిందని ఆయనకి అర్థమైంది. పసుపు రేటు కదులుతుందని ఊహించారు. మధ్యాహ్నం ఒక రైతు బండి కట్టుకొచ్చాడు. కూతురి పెళ్లి పెట్టుకున్నాడు, నిన్నటి రేటుకే అమ్మేస్తానంటున్నాడు. ఆయన వింటున్న వార్త రైతుకి తెలీదు. తాతగారు చెబుతారా? అక్కడ ఆ వారం అయిపోతుంది. వారమంతా మీరు వాదించుకోండి.

2026లో ఆ సమస్య లేదు. నిజామాబాద్ రేటు, ఈరోడ్ రేటు, సాంగ్లీ రేటు పొద్దున్నే రైతు ఫోన్‌లోనే వాట్సాప్‌లో ఉంటాయి. పసుపు బోర్డు కూడా పోయినేడు నిజామాబాద్‌లో మొదలైంది. మరి మనవరాలి దగ్గర రైతుకి తెలియనిదేముంది? సరుకులో కర్కుమిన్, అంటే పసుపుకి రంగూ రేటూ తెచ్చే పదార్థం, ఎంత ఉందో చెప్పే ల్యాబు కాగితం. ఆ కాగితం చూపించాలా వద్దా? తాతగారు ఏం చేశారో ఆమెకి తెలీదు, మనకి తెలుసు. రెండు కథలూ కలిసేది ఆ ఒక్క చోటే. ఇంకా చెబితే మీరు చదవరు.

వారానికి ఒక్కటే భాగం, ప్రతి గురువారం. ఉగాది గురువారం పడింది, అక్కడ మొదలు. ఆ తర్వాతి ఉగాది 2027 ఏప్రిల్ 7. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చి పదమూడు నెలలు కాబట్టి నాకు నాలుగు వారాలు కలిసొచ్చాయి. 1966లోనూ అధిక శ్రావణం పడింది, అదీ కథలో వాడుకుంటాను. లెక్క వేస్తే యాభై అయిదు భాగాలు, ఆఖరిది ఏప్రిల్ 1న. యాభై ఆరోది ఉండదు. బ్రహ్మాండంగా నడుస్తున్నా ఉండదు.

ఈ వారం పద్ధతి యాప్ వాళ్లకి చెబితే ఫోన్‌లో కాసేపు మాట రాలేదు. డబ్బు తగ్గుతుంది, నాకు తెలుసు. ఇంట్లోనూ చెప్పాను, రెండు రోజులు మొహాలు అదోలా పెట్టి ఊరుకున్నారు. పాఠకులు తగ్గితే? కొంతమంది తగ్గుతారు. రోజూ ఏదో ఒకటి కావాల్సినవాళ్లకి రోజూ రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లలో నిజంగా బాగా రాసేవాళ్లూ ఉన్నారు. వారం ఆగగలిగినవాళ్లు ఎంతమందో నాకు చూడాలని ఉంది.

ఆడియో కూడా నేనే చదువుతాను. వంట చేసుకుంటూ వినేవాళ్లు చదివేవాళ్లకన్నా వేరు. మనం తెలుగులో కర్త తీసేసి హాయిగా రాసేస్తాం, "వచ్చింది, చూసింది, వెళ్లిపోయింది" అని. కాగితం మీద ఎవరో తెలుస్తుంది, చెవికి తెలీదు. కుక్కర్ విజిల్ మధ్యలో అస్సలు తెలీదు. అందుకని ప్రతి భాగాన్నీ పైకి చదువుకుంటూ, అవసరమైన చోట పేరు పెట్టుకుంటూ రాస్తున్నాను. అలా చేస్తుంటే సంభాషణలు పొట్టివవుతున్నాయి. మంచిదే.

ఇక మీ సాయం. 1966 నాటి పసుపు వ్యాపారం గురించి నాకు కావాల్సినవి పుస్తకాల్లో లేవు, మీ అటకల మీద ఉండొచ్చు. పాత పద్దు పుస్తకాలు, కాటా చీటీలు, బొంబాయి, మద్రాసు వ్యాపారులు రాసిన కార్డులు, రైల్వే రసీదులు, పెళ్లి ఖర్చు లెక్కలు కూడా. హమాలీ కూలి బస్తాకి ఎంత, బండి బాడుగ ఎంత, కొట్టులో గుమస్తా జీతమెంత, ఇలాంటివి. దుగ్గిరాల, కొల్లిపర వైపు వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లతో ఒక గంట కూర్చోవాలని ఉంది. కాగితాలు నేను తీసుకెళ్లను, ఫోన్‌తో ఫొటో తీసుకుని అక్కడే ఇచ్చేస్తాను. మీ ఇంటి పేరు కథలో రాదు, వద్దన్న విషయం రాయను. రికార్డింగు వద్దంటే ఆపేస్తాను.

మొదటి ఎనిమిది భాగాలు ఫిబ్రవరి ఆఖరుకి చేతిలో ఉండాలని పెట్టుకున్నాను కాబట్టి, సంక్రాంతికి ఇల్లు సర్దేటప్పుడు ఏదైనా దొరికితే పారేయకుండా కబురు చేయండి. నా నంబరు నిర్వాహకుల దగ్గర ఉంది. టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి, జూన్ 6న తాతగారు ఏం చేశారన్నది తప్ప.